సెక్షన్‌లో పన్నెండోవాడు

రిటైరయ్యాక నల్గొండలో నాకు దొరికిన ఉద్యోగం కాలేజీల్లో జెండా ఎగరేయడం. ఏడాదికి రెండుసార్లు పిలుస్తారు, శాలువా కప్పుతారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచి, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన అతి పెద్ద సాహసం ఏంటి?" అని అడుగుతారు. కొండలు, మంచు, కాల్పులు అని ఏదో చెప్పి మైకు ప్రిన్సిపాలుకు ఇచ్చేస్తాను. నిజానికి చాలా కాల్పులు జరిగినప్పుడు నేను వెనకాల ఎక్కడో లారీలోంచి పప్పు బస్తాలు దింపిస్తూ ఉన్నాను.

సాహసమని చెప్పుకోదగ్గ పని నా జీవితంలో ఒకటే ఉంది. అది అరవై దాటాక, నందికొండలో, చొక్కా మీద చేపల పులుసు మరకతో చేశాను. శాలువా కప్పినవాళ్ల ముందు చెప్పేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చదివితే మంచిది. పాతవాళ్లకు అక్కర్లేదు, ఎవరి కథలు వాళ్లకున్నాయి.

మాది తిరుమలగిరి దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఆర్మీ ఆఫీసరు ట్రైనింగుకు ఎంపికయ్యాను. అకాడమీలో మా సెక్షన్ అంటే పన్నెండు మందిమి. అందులో తెలుగువాళ్లం ఇద్దరం, నేను, ఒక పాలమూరు మిత్రుడు. పేర్లు రాయను. నా పేరు రాయడానికి సిగ్గు, మిగతావాళ్ల పేర్లు రాయడానికి భయం. అతనిది గొర్లు కాసే కుటుంబం. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ ఒక్క తీరుగానే ఉండేది, అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాకపోతే నేను గట్టిగా, గబగబా మాట్లాడేవాణ్ణి. అతను ఆలోచించి మాట్లాడేవాడు. అందుకని నేను చురుకైనవాణ్ణని, అతను మందమతి అని పైవాళ్లకు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఉద్యోగాల్లో ఇలాంటి అభిప్రాయాలు మీకూ ఎదురవుతాయి. అవి సాధారణంగా తప్పుగానే ఉంటాయి.

ట్రైనింగు ఆఖరి నెలలో ఒక పరీక్ష. పటం, దిక్సూచి పట్టుకుని, కొండల్లోంచి నడిచి, చెప్పిన చోటుకు చెప్పిన వేళకు చేరాలి. ఆ రోజు సెక్షన్ నాయకుణ్ణి నేను. దారి చూపే పని, కాగితం ప్రకారం, పాలమూరు మిత్రుడిది. అతను దారి చీలిన ప్రతిచోటా ఆగి, తుపాకీని పది అడుగుల దూరంలో పెట్టి, వెనక్కి వచ్చి దిక్సూచి చూసేవాడు. దగ్గర్లో ఇనుము ఉంటే దిక్సూచి ముల్లు అటు తిరుగుతుంది. మొదటి వారంలోనే నేర్పిన పాఠం. మూడోసారి ఆగేసరికి నాకు ఓపిక పోయింది. దిక్సూచి అతని చేతిలోంచి లాక్కున్నాను.

"గా తుపాకి పక్కకు పెట్టి సూడు" అన్నాడు.

"నాకు నేర్పకు" అన్నాను.

ముల్లు నా తుపాకీని చూసింది, నేను ముల్లును చూశాను, నా వెనక పదకొండు మంది నన్ను చూసి నడిచారు. మేం ఎక్కిన కొండ చాలా అందమైనది. మేం ఎక్కవలసింది దాని పక్కది కూడా కాదు. నీళ్లు అయిపోయాయి. మాలో ఒక కేరళ కుర్రవాడు ఎండదెబ్బకు పడిపోయాడు. అతన్ని మోసుకుంటూ నాలుగు గంటలు ఆలస్యంగా చేరాం.

అక్కడ మా కెప్టెన్ నిలబడి ఉన్నాడు. మాకు శిక్షణ ఇచ్చే ఆఫీసరు ఆయనే. కేరళ కుర్రవాణ్ణి దవాఖానకు పంపి, మమ్మల్ని వరసగా నిలబెట్టి, "దారి చూపింది ఎవడు?" అని అరిచాడు.

నేను పాలమూరు మిత్రుడి వైపు వేలు చూపించాను. మాట కూడా అనలేదు. కాగితం ప్రకారం అది అబద్ధం కూడా కాదు. పాలమూరు మిత్రుడు ఏదో చెప్పబోయాడు. "నోర్మూసుకో" అన్నాడు కెప్టెన్. అంతే, విచారణ ముగిసింది.

అతన్ని ఒక టర్మ్ వెనక్కి వేశారు. అంటే మేం భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని బయటకు పోతే, అతను ఇంటికి వెళ్లి సెలవులయ్యాక తిరిగొచ్చి, ఆర్నెల్లు మళ్లీ చదవాలి. ఇనుప పెట్టె సర్దుకుంటుంటే ఒక చేయి వేద్దామని వెళ్లాను. "నేనే మోస్కుంట" అన్నాడు. తర్వాత తెలిసింది, అతను తిరిగి రాలేదని. నేను ఉత్తరం రాయలేదు. అడ్రసు తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. అడ్రసు ఆఫీసులో ఉండేది.

ఆ తర్వాత నా ఉద్యోగం బాగానే సాగింది. లెఫ్టినెంట్ కర్నల్‌గా దిగిపోయాను. నా కింది కుర్రాళ్లకు నిజాయితీ మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో లెక్కలేదు. మంచి పేరొచ్చింది కూడా.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా బ్యాచ్‌లో పంజాబీ బ్రిగేడియర్ ఒకాయన ఫోన్‌లో గ్రూపు పెట్టాడు. రిటైరైన బ్రిగేడియర్‌కు ఆజ్ఞలివ్వడానికి ఇంట్లో ఎవరూ దొరకరు, అందుకే ఇలాంటివి పుడతాయి. మా సెక్షన్ అంతా ఒకచోట కలవాలన్నాడు. "మీ దగ్గర పెద్ద డ్యామ్ ఉందటగా" అని ఏర్పాట్లు నా నెత్తిన పెట్టాడు. సరేనని ఆ డ్యామ్ ఉన్న నందికొండలో గెస్ట్‌హౌస్ మాట్లాడాను. కెప్టెన్ కూడా వస్తానన్నాడు. ఆయనకు అప్పటికి డెబ్బై అయిదు దాటాయి.

జాబితా తయారైంది. పన్నెండు మందిలో ఇద్దరు పోయారు. మిగిలింది పది. బ్రిగేడియర్ జాబితాలో మాత్రం తొమ్మిది పేర్లే ఉన్నాయి. ఎవరో అడిగితే, "పదోవాడు మనతో పాస్ కాలేదు. రూలు ప్రకారం బ్యాచ్‌మేట్ కాడు" అని రాశాడు. దాని కింద మిగతా ఏడుగురూ బొటనవేలి బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. మొదటిసారి చూపుడు వేలు, ఈసారి బొటనవేలు.

నా భార్య ఆ రోజుల నాటి ఫొటో చూస్తోంది. ఒక్కొక్కరినీ అడిగి చెప్పించుకుంది.

"గీ చివర్లున్నాయన ఎవరు?"

"పాలమూరాయన. ఆయన రాడు."

"ఎందుకు రాడు?"

ఏదో చెప్పబోయి, ఎందుకో మొత్తం చెప్పేశాను. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో మొదటిసారి. అంతా విన్నాక ఆమె అడిగింది.

"గిన్నేండ్లు నాకు చెప్పలేదేంది మీరు?"

"ఏమని చెప్పాలి?"

"ఇప్పుడు చెప్పిన్రు గద, గట్లనే." ఫొటో నా చేతికిచ్చింది. "ఆయన రాకుంటే నేను గూడ రాను. మీ తొమ్మిది మందికి మీరే వండుకోండ్రి."

మర్నాడు కారు తీశాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు వైపు. అతని ఊరు పేరు ఎప్పుడూ మర్చిపోలేదు, అదే నా దరిద్రం. ఊరి మొదట్లో చాయ్ హోటల్ దగ్గర ఇంటిపేరు చెప్పి అడిగితే, "సర్వేయర్ సారా? చెల్కల కాడ హద్దులు కొలుస్తుండు" అన్నారు.

నేను మళ్లీ అడిగాను. నిజమే. పటం చదవడం రాదని మా అకాడమీ వెనక్కి పంపిన మనిషి ముప్పై ఏళ్లు సర్కారు సర్వేయరుగా జిల్లా అంతా కొలిచి రిటైరయ్యాడు. ఇప్పుడు కూడా అన్నదమ్ముల మధ్య హద్దు తగాదా వస్తే, కొత్త యంత్రాలున్నా సరే, ఈయన్నే పిలుస్తారట.

ఆ మెట్ట చెలకలో ఇద్దరు అన్నదమ్ములు చెరో పక్క నిలబడి తిట్టుకుంటున్నారు. మధ్యలో తెల్లజుట్టు మనిషి వంగి టేపు పరుస్తున్నాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. తలెత్తి చూశాడు.

"నువ్వా" అన్నాడు. "బొర్ర పెరిగింది."

నేను ఏదో మొదలుపెట్టబోయాను.

"తర్వాత. జర గా టేపు కొస పట్టుకో. గుంజి పట్టు."

రెండు గంటలు పట్టుకున్నాను, మిట్టమధ్యాహ్నం ఎండలో. ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన నన్ను అనుమానంగా చూసి, "సారు, గీనె ఎవలు?" అని అడిగాడు.

"మిలిట్రీల కర్నలు."

"మరి టేపు సక్కగ పట్టుకుంటలేడు."

కొలతలయ్యాయి. అన్నదమ్ములిద్దరూ సమానంగా అసంతృప్తి చెందారు. అంటే కొలత సరిగ్గా వచ్చినట్టేనని మిత్రుడు చెప్పాడు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. దారి పొడుగునా కారులో బట్టీపట్టిన మాటలు ఒక్కటి గుర్తురాలేదు. ఆ రోజు తప్పు నాదని, వేలు చూపించింది తెలిసే చూపించానని మాత్రం చెప్పగలిగాను.

అతను చెప్పుల్లోంచి మట్టి దులుపుకుంటూ విన్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్సిన ముచ్చటే గద. తెల్వనోళ్లకు చెప్పు."

మళ్లీ దులుపుతూ తనే అడిగాడు.

"నందికొండకు ఎవలెవలు వస్తున్నరు?"

చెప్పాను. కెప్టెన్ పేరు వినగానే దులపడం ఆపాడు.

"ఆయన బతికే ఉన్నడా?"

"ఉన్నడు. చెవులు పోయినయి."

"వస్త" అన్నాడు. "నాగార్జునకొండ నేను గూడ సూడలే." తర్వాత ఊరి వైపు చూసి అన్నాడు, "ఇయ్యాల ఇంటికి రమ్మంటలేను, ఏమనుకోకు. బాపు ఉన్నడు. నువ్వెవలని అడుగుతడు. ఏం జెప్పాలె నేను?"

పదోవాడు వస్తున్నాడని గ్రూపులో రాశాను. రూలు సంగతేమిటని బ్రిగేడియర్ అడిగాడు. గెస్ట్‌హౌస్ తాళాలు నా దగ్గరున్నాయని రాశాను.

నందికొండలో మా సమ్మేళనం ఎలా జరిగిందో వివరంగా రాస్తే సైన్యం మీద మీకు గౌరవం పోతుంది. ఉదయం ఆరింటికి యోగా అని బ్రిగేడియర్ అచ్చు వేయించిన కాగితం పంచాడు. ఆరింటికి ఆయన ఒక్కడే లాన్‌లో ఉన్నాడు, గురక పెడుతూ. ఇద్దరికి మోకాళ్లు మార్చారు, ఒకాయనకు గుండెలో యంత్రం. ఒకప్పుడు మా సెక్షన్‌లో వేగంగా పరిగెత్తినవాడు ఇప్పుడు లాంచీ మెట్లు ఎక్కడానికి ఇద్దరు సరంగుల సాయం తీసుకున్నాడు. నాగార్జునకొండ ద్వీపం మీద మ్యూజియంలో రాతి బుద్ధుడి ముందు నిలబడి, "ఈయన మనకంటే బాగా ఉన్నాడు" అంది ఒకాయన భార్య.

పాలమూరు మిత్రుడు రెండో రోజు పొద్దున బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో చిన్న సంచి. గేటు దగ్గర కాసేపు ఆగాడు. అప్పుడు ఎండదెబ్బ తగిలి పడిపోయిన కేరళ మిత్రుడే మొదట చూసి, పరుగులాంటి నడకతో వెళ్లి కౌగిలించుకున్నాడు. ఆ వెంటనే, "ఈసారి సరైన ఊరికే వచ్చావే" అన్నాడు. అందరూ నవ్వారు. పాలమూరు మిత్రుడూ నవ్వాడు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను. లాన్ అవతలినుంచి నా భార్య నన్ను చూసింది. కాల్పుల్లో కూడా అలాంటి చూపు ఎదుర్కోలేదు.

మధ్యాహ్నం వరండాలో భోజనాలు. ఎదురుగా డ్యామ్, పళ్లెంలో కృష్ణానది చేప. కెప్టెన్‌ను మధ్యలో కూర్చోబెట్టాం. ఆయనకు హుషారు వచ్చి పాత సంగతులు మొదలుపెట్టాడు. ఎవరెవరు ఎక్కడ తన్నులు తిన్నారో అన్నీ గుర్తున్నాయి. ఆఖరికి పాలమూరు మిత్రుడి వైపు తిరిగి, ప్రేమగానే, "నువ్వు మంచి కుర్రాడివి. ఒక్క పటం మాత్రం నీకు అబ్బలేదు" అన్నాడు.

మిత్రుడు పళ్లెంలోకి చూస్తూ ముల్లు తీసుకుంటున్నాడు. నేను లేచాను. లేవడంలో పులుసు గిన్నె చొక్కా మీద ఒలికింది.

"సార్, ఆ రోజు దారి తప్పించింది నేను" అన్నాను.

"ఏంటి?" అన్నాడు కెప్టెన్.

"దిక్సూచి నా చేతిలో ఉంది, సార్."

"గట్టిగా చెప్పు. చెవి మిషన్లో బ్యాటరీ అయిపోయింది."

ఒక నిజాన్ని నలభై ఏళ్లు దాచాక, దాన్ని మర్యాదగా, గొంతు తగ్గించి, కాస్త కన్నీటితో చెప్పాలని ఎవరికైనా ఉంటుంది. నాకు ఆ అదృష్టం పట్టలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరవాల్సి వచ్చింది. "దిక్సూచి నేను లాక్కున్నాను సార్. తుపాకీ భుజాన ఉండగానే చూశాను. అతను వద్దన్నాడు. మీరు అడిగితే తెలిసే అతన్ని చూపించాను." వంటవాళ్లు బయటకు వచ్చారు. దారిన పోయే టూరిస్టులు ఇద్దరు గేటు దగ్గర ఆగారు. చొక్కా మీంచి పులుసు కారుతోంది.

కెప్టెన్ నన్ను చూడనే లేదు. పాలమూరు మిత్రుణ్ణి చూశాడు.

"ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోయావు. ఏం చెప్పబోయావు?"

మిత్రుడు చేయి కడుక్కుని, లేచి నిలబడ్డాడు. చేతులు పక్కలకు ఆనించి, అకాడమీలో నేర్పినట్టే గట్టిగా చెప్పాడు. "తుపాకీ దూరంగా పెట్టమని చెప్పాను సార్, వినలేదు సార్, అని చెప్పబోయాను సార్."

కెప్టెన్ చెవిలోని యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు నా చెవులు బాగానే పనిచేసేవి" అన్నాడు.

ఆ తర్వాత మా అందర్నీ కేరళ మిత్రుడే ఆదుకున్నాడు. "అంటే నలభై ఏళ్లు నేను తప్పు మనిషిని తిట్టాను. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. నా వయసు చూశారా?" అని నా మీద మొదలుపెట్టాడు. మలయాళంలో తిట్టాడు, వివరాలు తెలియవు. తిడుతూనే పాలమూరు మిత్రుడి పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. బ్రిగేడియర్ మాత్రం తన అచ్చు కాగితం తీసి, పదో పేరు పెన్నుతో రాశాడు. రాసి దాని పక్కన సంతకం కూడా చేశాడు. సంతకం లేకపోతే ఆయనకు ఏదీ నిజం కాదు.

ఆ రాత్రి బాగా నిద్రపట్టిందని రాయాలని ఉంది. పట్టలేదు. భోజనాలయ్యాక మిత్రుడు నా పక్కకు వచ్చి, "ఇంకొకలున్నరు తెల్వనోళ్లు" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు అందర్నీ పంపించి, అతన్ని నా కారులోనే వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. దారిలో చెప్పాడు. టర్మ్ వెనక్కి వేసిన కాగితం పట్టుకుని ఇంటికి పోతే, వాళ్ల నాన్న దాన్ని ఊళ్లో టీచరుతో చదివించుకున్నాడట. "గొర్లు కాసేటోని కొడుకు గుట్ట మీద దారి తప్పుడేంది?" అన్నాడట. ఆ మాట ఊళ్లో పాకింది. ఎవరు ఎదురొచ్చినా, "ఏం పటేలా, ఇల్లు దొరికిందా?" అనేవాళ్లు. ఆ ఉక్రోషంలో అతను అకాడమీకి తిరిగి పోలేదు. వాళ్ల నాన్న కూడా ఆ ఏడంతా అంగడికి పోలేదట, కొడుకు ఆఫీసరవుతాడని అక్కడ అందరికీ ముందే చెప్పుకుని ఉన్నాడు కాబట్టి.

తొంభైకి దగ్గరున్న మనిషి. మంచం మీద గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని చెప్పాను. ఈసారి అరవాల్సిన అవసరం రాలేదు, ఆయన చెవులు నా చెవులకంటే నయం. విన్నాక ఆయన నా వైపు తిరగలేదు. కొడుకును చూశాడు.

"గట్లయితే గీ ముచ్చట నువ్వెందుకు చెప్పలేదురా?"

"చెప్పిన బాపు. నువ్వు నమ్మలే."

ముసలాయన గొంగడి కుచ్చులు సవరించుకుంటూ కూర్చున్నాడు. "కాయితం మీద రాసి ఉండె" అన్నాడు చివరికి. "సర్కారు కాయితం అబద్ధమాడదనుకున్న."

కొడుకు లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి తండ్రికిచ్చాడు. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, కర్ర అందుకున్నాడు.

"లెవ్వు బిడ్డ" అన్నాడు నాతో. "హోటల్ కాడికి పోదాం. అక్కడ గూడ చెప్పాలె."

వెళ్లాం. చాయ్ హోటల్ దగ్గర ఆయన ఈడువాళ్లు ముగ్గురున్నారు. చెప్పాను. కిరాణా కొట్టు ముందు ఇంకొందరు. అక్కడా చెప్పాను. మూడో చోట నేను మొదలుపెట్టగానే ఆయన అడ్డుకుని, తనే చెప్పాడు. నేను పక్కన నిలబడి తల ఊపాను. నాలుగో చోట, బస్సు ఆగే దగ్గర, జనం బాగా పోగయ్యారు. అక్కడికి వచ్చేసరికి ఆయన కథలో మేం మూడు రోజులు అడవిలో తిరిగాం. తాగడానికి చుక్క నీళ్లు లేవు. నేను ఒక చెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాను. అప్పుడు ఆయన కొడుకు ఆ కేరళవాణ్ణి ఒక భుజం మీద, నన్ను ఇంకో భుజం మీద వేసుకుని, నక్షత్రాలు చూసుకుంటూ అందర్నీ మోటరు రోడ్డుకు చేర్చాడు.

మిత్రుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో, ఇంకేమో నాకు కనిపించలేదు.

ముందు వరసలో ఉన్నాయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "నిజమేనా సారు?" అని అడిగాడు.

"నిజమే" అన్నాను. "నేను అప్పట్లో ఇంకా బరువుండేటోణ్ణి."